ఒడ్డు మీద వంట

డబ్బా మూత సరిగ్గా పడలేదేమోనని బొటనవేలితో అంచు చుట్టూ మళ్ళీ నొక్కుకుంటూ వచ్చాను. వెనిల్లా ఐస్‌క్రీం డబ్బా. మా ఇళ్ళల్లో ఈ డబ్బాలు ఐస్‌క్రీం అయిపోయాకే అసలు కొలువులో చేరతాయి. మేకులు, ఆల్చిప్పలు, మిగిలిపోయిన కూర, గాలానికి ఎర, అన్నీ వీటిలోనే. ఇవాళ ఇందులో మా నదిలో పుట్టిన నల్ల పాచి ఉంది, పిల్ల తిన్నదేదో కొంచెం పట్టుకు రమ్మని ఇంటి ఫోనులో నర్సు అడిగింది కనుక. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బరువు లేదు. బండి మలుపు తిరిగినప్పుడల్లా లోపల ఎండిన అట్టలు గలగలమంటున్నాయి, ఆ చప్పుడు విన్నప్పుడల్లా మూత మీద అరచెయ్యి అదిమి పెడుతున్నాను. కిటికీ అద్దం పూర్తిగా దించినా వాసన పోవడం లేదు. తొలివాన పడ్డ మట్టి వాసన, అటక మీద మరిచిపోయిన గోనెసంచి వాసన. చెడ్డ వాసన కాదు, అదే దాని దుర్మార్గం, చెడ్డ వాసన వేసి ఉంటే మా కుక్క జెస్ కూడా దాని జోలికి వెళ్ళేది కాదు. వికి అక్క గడ్డం స్టీరింగుకి ఆనేంత ముందుకు జరిగి నడుపుతోంది. డెబ్బై దాటింది, కళ్ళద్దాలు మార్చుకోమంటే దారి నాకు తెలుసులే అంటుంది. నన్ను నడపనివ్వలేదు. తాళాలు లాక్కుని, "ముందు నీ చేతులు చూసుకో" అంది. నేను అటు వైపు నుంచి ఎక్కాను.

మేం బయల్దేరక ముందు హెలికాప్టరు మా మేత మైదానంలో దిగింది. గొర్రెలన్నీ కంచె మూలకి పారిపోయి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, గడ్డి మొత్తం నేలకి పడుకుంది, నా టోపీ ఎగిరి నదిలో పడింది. తీసుకోవడానికి రెండడుగులు వేసి ఆగిపోయాను. నదిలోకి ఎవరూ దిగకూడదని కట్టడి పెట్టింది నేనే. టోపీ మెల్లిగా తిరుగుతూ పోయింది, నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను, ఆ కాస్సేపట్లో వాళ్ళు హుయాని లోపలికి ఎక్కించేశారు. నా మనవరాలు పోతుంటే నేను టోపీ వంక చూశాను. ఒక్కరికే చోటుంది అన్నారు, దాని తల్లి పానియా ఎక్కింది, నా కూతురు, చేతులకి ఇంకా పిండి అంటుకునే ఉంది. హుయా నాతో ఆఖరుగా అన్న మాట, నా మూతి ఎక్కడికో పోయింది తాతా, అని. నవ్వొచ్చే మాటే. వేరే రోజైతే ఎక్కడికి పోయిందో వెతుకుదాం పద అని దాన్ని భుజాన వేసుకునేవాడిని. కాళ్ళు గుడ్డబొమ్మ కాళ్ళలా వేలాడుతున్నాయి, పెదాల చుట్టూ తడుముకుంటోంది, అక్కడ ఏదో ఉండాలి, లేదు అన్నట్టు. దీనికి విరుగుడు మందంటూ లేదని, విషం దానంతట అది దిగేదాకా ఊపిరి ఆగకుండా చూసుకోవడమే చేయగలమని హెలికాప్టరులో వచ్చిన ఎర్ర చొక్కా కుర్రాడు ఒకడు పానియాతో చెబుతున్నాడు. ఊపిరి ఆగితే అని ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఫోను తీసి చూశాను. సిగ్నలు లేదు. ఈ లోయలో ఎప్పుడూ లేదు, కనుమ ఎక్కేదాకా ఉండదు, ఆ సంగతి తెలియనివాడిలా మళ్ళీ మళ్ళీ తీసి చూస్తున్నాను.

"దాన్ని జేబులో పెట్టు," అంది అక్క. "నువ్వు చూసినంత మాత్రాన అది మోగదు."

పెట్టాను. రోడ్డు పక్కనే కింద నది వెంట వస్తోంది, మేం వదిలించుకోవాలనుకున్నా వదలకుండా. ఎంత తేటగా ఉందో. రాళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. వాన పడి ఎన్నాళ్ళైందో, నది సన్నబడి, రాళ్ళ మధ్య వెతుక్కుంటూ పోతోంది, ఆ రాళ్ళ మీద నల్లటి మచ్చలు, మందపాటి తోలు పరిచినట్టు. బురదగా ఉన్న నదిని చూస్తే మా వాళ్ళందరికీ భయం తెలుసు. తేటనీళ్ళకి భయపడటం మాకు ఎవరూ నేర్పలేదు. మా వాళ్ళల్లో నువ్వెవరని ఎవరైనా అడిగితే ముందు మా కొండ పేరు చెబుతాం, తర్వాత మా నది పేరు, తర్వాత తాతముత్తాతలు, ఆఖర్న, ఇంకా ఊపిరి మిగిలి ఉంటే, మన పేరు. హుయాకి నేనే నేర్పాను. ఆరో ఏడు నడుస్తోంది దానికి, ముందుపన్ను ఊడింది, నది పేరు దగ్గర ఆ ఖాళీలోంచి గాలి వచ్చి ఈల మోగుతుంది, అది మోగాలనే గట్టిగా పలుకుతుంది. దుకాణంలో, బస్సులో, చర్చిలో, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంది. మొన్న కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడికి చెప్పింది, వాడు పాపం టోపీ తీసి పూర్తయ్యేదాకా నిలబడ్డాడు. హుయా అనేది మా అడవుల్లో ఒకప్పుడు ఉన్న పిట్ట పేరు. ఇప్పుడు లేదు, ఈకలు మాత్రం అద్దాల పెట్టెల్లో ఉన్నాయి. ఆ పేరు వద్దు, లేనిదాని పేరు పిల్లకి ఎందుకు అని వికి అక్క అప్పుడే అంది. నేను వినలేదు. ఈ మాట ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చింది, పోనీ, గుర్తొస్తే వచ్చింది, దూరంగా చూడు, ఆ చెట్లకేసి చూడు.

చెట్లకేసి చూస్తే విల్లో చెట్లు, విల్లో చెట్లంటే మాతియు అన్నయ్య. నాకూ అక్కకీ మధ్యవాడు. వాడు కొమ్మ మీంచి దూకేవాడు, మా ఈతగుండంలోకి, వరద వచ్చిన మర్నాడు కూడా దూకాడు. ఆ రోజు నది మట్టిరంగులో అరుస్తూ వచ్చింది, తన మనసులో ఏముందో దాచుకోలేదు. వాడు దొరికేదాకా, దొరికిన తర్వాత కూడా చాలాకాలం, నాన్న నది మీద రాహుయి పెట్టాడు. మా కట్టడిని అలా అంటాం. తెల్లవారుజామున ప్రార్థన చదివి, కర్ర పాతి, గుడ్డ కడితే ఇక ఆ నీళ్ళల్లో కాలు పెట్టకూడదు, చేప పట్టకూడదు, పాము చేపలు ఎంత బలిసి తిరుగుతున్నా వాటివంక చూడకూడదు. అందరం ఒడ్డున కూర్చునేవాళ్ళం. దుప్పట్లు కప్పుకుని, టీ తాగుతూ, ఏడుస్తూ, అప్పుడప్పుడు వాడి వెర్రి చేష్టలు చెప్పుకుని నవ్వుతూ. నా బుర్రలో ఆనాడే పడిపోయింది, నీళ్ళు చావుకి, ఒడ్డు బతికున్నవాళ్ళకి. తర్వాత ఒక ఉదయం నాన్న కట్టడి ఎత్తేసి, నన్నూ అక్కనీ చెరో చేత్తో పట్టుకుని మోకాలి లోతు దించి, మొహాన నీళ్ళు చల్లి, దీని మీద కోపం మనసులో పెట్టుకోవద్దు అన్నాడు. అక్క చాలా ఏళ్ళు పెట్టుకుంది. నేను పెట్టుకోలేదు. ఇవాళ పెట్టుకుందామంటే ఎవరి మీద? నది ఏం చేసింది, పైన కొండలకి కొండలు గొరిగేసి పైన్ చెట్లు నరికి మట్టి వదిలింది నది కాదు, పాడిపశువుల పచ్చిక కోసం దాన్ని సగానికి సగం తోడుకున్నది నది కాదు. దాని ఒంటికి వచ్చిన జబ్బు మా పిల్లకి అంటింది. ఇలా అనుకుంటే ఓదార్పుగా ఉంటుందేమో అనుకున్నాను, లేదు.

ఈసారి కట్టడి పెట్టింది నేను. నది పరీక్షలు చేసే అమ్మాయి వచ్చింది, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, భుజానికి గాజుసీసాల సంచి. పాచి విషం కక్కుతోంది, నరాల మీద పనిచేసే విషం, కుక్కలు ముందు పోతాయి, చిన్నపిల్లలు జాగ్రత్త అంది. నేను చాలా పెద్దమనిషి తరహాగా తల ఊపాను. మేం చూసుకుంటాం అన్నాను. బోర్డు ఒకటి తెచ్చింది, కుక్క బొమ్మ మీద ఎర్రగీత ఉన్నది, దాన్ని వంతెన దగ్గర పెట్టుకోమన్నాను, మా గుండం దగ్గర మా కర్ర ఉంటుంది, మా వాళ్ళు బోర్డు కంటే కర్రకే ఎక్కువ జడుస్తారు అన్నాను. ఆ అమ్మాయి ఇంకా ఏదో చెప్పింది. ఒడ్డు అన్నదా? నీళ్ళు తగ్గినప్పుడు పాచి విడిపోయి రాళ్ళ మీద ఎండిపోతుంది, ఎండినా విషం పోదు, ఈ మాటలు అన్నదా, లేక ఇవాళ నర్సు అన్నదా? ఎంత తడుముకున్నా ఆ అమ్మాయి పెదాలు కదలడం కనిపిస్తోంది, మాట వినిపించడం లేదు. అప్పుడు నేను ప్రార్థనలో మాతియు పేరు కలపాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. మర్నాడు తెల్లవారుజామున మా వాళ్ళందరి ముందు నిలబడి, నీళ్ళ అంచున, సరిగ్గా నీళ్ళు తగిలే చోట కర్ర పాతాను. నా గొంతు బాగా పలికింది, నాన్న గొంతులా ఉందని అక్క కూడా ఒప్పుకుంది. తర్వాత రోజూ నది కొంచెం కొంచెం వెనక్కి జరిగింది. కర్ర మాత్రం పాతినచోటే ఉంది. నీళ్ళకీ కర్రకీ మధ్య రాళ్ళు బయటపడ్డాయి, వాటి మీద పాచి ఎండి, గోధుమరంగు కాగితాల్లా చుట్టలు చుట్టుకుంది. పిల్లలు ఆడుకోవడానికి దానికంటే మంచి సరుకు ఏముంటుంది? నేను వంగి హుయా చెవిలో చెప్పాను, నీళ్ళల్లోకి దిగకూడదు, చూశావా, ఇదిగో తాత కర్ర. సరే తాతా అంది.

బండి ఒక్కసారి నెమ్మదించింది. ముందు దుంగల లారీ, నిండా పైన్ దుంగలు, ఆకాశం కనపడకుండా. కనుమ ఎక్కేదారి అంతా మలుపులే, దాటడానికి వీల్లేదు. వాడు నడక వేగంతో పోతున్నాడు, బెరడు ముక్కలు ఎగిరొచ్చి మా అద్దానికి కొట్టుకుంటున్నాయి. అక్క హారను మీద చెయ్యి వేసి తీసేసింది.

"వాడేం చేస్తాడులే," అంది.

నేను నా వేళ్ళ కొసలు ఒకదానికొకటి రాసుకుంటున్నాను. తిమ్మిరిగా ఉన్నాయి. పాచిని ఒట్టి చేతుల్తో ఏరాను, తొందరలో. నాలుకతో పెదాలు తడిమాను, అవీ తిమ్మిరే. విషమా, భయమా, తెలియడం లేదు. నాలుక పన్నుకి తగిలిస్తే తగిలినట్టే ఉంది. హుయాకి కూడా మొదట ఇలాగే ఉండి ఉంటుంది, చెప్పడానికి మాట తెలియలేదు అంతే. ఇంటికి వచ్చి, జెస్ నిద్రపోయింది, లేపితే లేవడం లేదు అంది. నేను కంచె తీగ బిగిస్తూ, పడుకోనీవే, ఎండగా ఉంది అన్నాను. జెస్ ఎండలో పడుకోదు. నలుగురిని ఈదుకుంటూ ఒడ్డుకి లాగిన కుక్క, మా పానియా పెళ్ళికి మెడలో రిబ్బను కట్టించుకున్న కుక్క, ఎండలో ఎప్పుడూ పడుకోదు, ఆ సంగతి నాకు తెలుసు, అయినా తీగ బిగించాను. వెళ్ళి చూసేసరికి కాళ్ళు కర్రల్లా చాచుకుని, మూతి చుట్టూ నురగతో, ఆ కర్ర పక్కనే. అక్కడే వలయంగా, పొందికగా రాళ్ళు పేర్చి ఉన్నాయి. మధ్యలో గొయ్యి. గోతిలో రాళ్ళు కాల్చి, ఆకులు కప్పి మేం పండగలకి వండే హాంగీ, దాన్నే హుయా అచ్చంగా చిన్నది చేసి పెట్టింది. రాయి రాయికీ ఒక వడ్డన. గోధుమరంగు కాగితం మాంసం.

"నీకో మాట చెప్పాలి," అంది అక్క, లారీ వెనక దీపాల మీంచి కళ్ళు తీయకుండా.

"చెప్పు."

"అది నాకు వడ్డించింది. పలక రాయి మీద, చుట్టూ ఆకులు పెట్టి. ముందు పెద్దవాళ్ళు తినాలి కదా అమ్మమ్మా అని, నాకే ముందు పెట్టింది."

మా సభామందిరంలో ఎన్ని విందుల్లో చూసిందో, అతిథులకి ముందు, ముసలివాళ్ళకి ముందు, వంటింట్లో నిలబడ్డవాళ్ళకి ఆఖర్న.

"తిన్నట్టు నటించాను. బుగ్గలు ఉబ్బించాను. బావుందే, ఉప్పు ఒక్కటే తక్కువ అన్నాను. అది నా మొహం కేసే చూస్తూ కూచుంది, వంటమనిషిలా చేతులు కట్టుకుని. నాకు ముద్దొచ్చింది. ఇక నువ్వు తిను తల్లీ, పొద్దుట్నుంచి పొయ్యి దగ్గర నిలబడ్డావు, ఆకలేస్తుంది అన్నాను."

"తిన్నదా?"

"తిన్నది. కుక్కకి ఒక ముక్క పెట్టి, తనొక ముక్క. నటిస్తోందనుకున్నా. నవ్వాను కూడా. కుక్క పక్కకి వాలితే అదీ ఆటే అనుకున్నా." గేరు మార్చింది, బండి మూలిగింది. "అంతసేపూ దాని పాదాలే చూస్తూ కూచున్నా, నీళ్ళల్లో పెడుతుందేమోనని. నువ్వు అదే చూడమన్నావు. పెట్టలేదు. ఒక్కసారీ పెట్టలేదు. బంతి నీళ్ళల్లో పడితే తెచ్చుకోకుండా వదిలేసింది, తాత కర్ర ఉంది కదా అని. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నా."

ఆమె మీద అరవడానికి నోరు తెరిచాను. నాకు తెలుసు ఏమని అరవాలో, బయల్దేరినప్పట్నుంచి ఎవరో ఒకరి మీద అరవాలని వెతుకుతూనే ఉన్నాను, లారీవాడి మీదైనా సరే. కానీ ఆమె గడ్డం కింద చర్మం కొంచెం కొంచెంగా అదురుతోంది, మాతియుని తీసుకొచ్చి గడ్డి మీద పడుకోబెట్టిన రోజు కూడా అలాగే అదిరింది, అప్పుడు ఆమె పొడుగుజడల పిల్ల. డబ్బా ఒళ్ళో గలగలమంది. ఒడ్డున కూర్చోమన్నది నేను. ఒడ్డు బతికున్నవాళ్ళకని నేర్పింది మా నాన్న. వడ్డించమన్నది మా ఇల్లు. పెద్దవాళ్ళ మాట వినమన్నది అందరం. ఏ ఒక్కటీ చెడ్డమాట కాదు, అన్నీ కలిసి ఆ పిల్ల నోట్లోకి వెళ్ళాయి. అది తుంటరిపిల్ల అయి ఉంటే బాగుండేది. కర్ర పీకి పారేసి, నీళ్ళల్లో పడి, బంతి తెచ్చుకుని, నాలుగు దెబ్బలు తిని ఇంటికి వచ్చి ఉండేది. నాకు దాని మీదే కోపం వచ్చింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఎందుకే అంత బుద్ధిగా ఉంటావు అని. ఏడుపు వచ్చింది. అక్క ఒక చెయ్యి స్టీరింగు మీంచి తీసి నా మోకాలి మీద వేసింది, ఆ చెయ్యి అక్కడే ఉంచి రెండు మలుపులు తిప్పింది, చచ్చిపోతామని కూడా నాకు అనిపించలేదు.

కనుమ మీద లారీవాడు పక్కకి తీసి దారి ఇచ్చాడు. అక్క దాటలేదు. ఆమె కూడా పక్కకి తీసి, సిగ్నలు అందే చోట ఇంజను ఆపేసింది. గాలి. గడ్డి. ఇటు వైపు పట్నం, ఆసుపత్రి పొగగొట్టం కూడా కనబడుతోంది. అటు వైపు కింద మా లోయ, దాని మధ్య నది, ఇంత ఎత్తు నుంచి చూస్తే ఎప్పటిలాగే ఉంది, మా అమ్మ పెట్టెలో రిబ్బనులా, అందంగా ఉంది, నేను చూడదలచుకోలేదు, చూశాను. ఫోను చేతిలో పట్టుకున్నాను. మోగే వరకే పిల్ల బతికి ఉంది అనుకోవచ్చు. మోగకపోతే ఇంకా కాసేపు అలాగే అనుకోవచ్చు. మోగింది. నా వేళ్ళు దాన్ని నొక్కలేకపోయాయి, అక్క నొక్కింది, నా చెవికి ఆనించింది, తనూ తల ఆనించింది, చిన్నప్పుడు ఒకే రేడియో దగ్గర కూర్చున్నట్టు.

"నాన్నా," అంది పానియా. ఆ ఒక్క మాటలో ఏమీ తెలియలేదు. "నాన్నా, ఉన్నావా? ఊపిరి తనే తీసుకుంటోంది. ముక్కుకి గొట్టం పెట్టారు కానీ తనే తీసుకుంటోంది. రాత్రంతా కనిపెట్టుకుని ఉండాలంట, అప్పుడే ఏమీ చెప్పలేమంట. కాళ్ళు కదుపుతోంది."

అక్క తల వెనక్కి వాలిపోయింది. సీటుకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"మాట్లాడుతోందా?"

"ఆ మాటే చెబుదామని. తెలివి ఉందో లేదో చూడ్డానికి డాక్టరు నీ పేరేంటమ్మా అన్నాడు. ఇదేమో కొండ పేరు మొదలుపెట్టింది. ఆయన కంగారుపడి నా వంక చూశాడు, కలవరిస్తోందనుకుని." పానియా నవ్వబోయి మానేసింది. "నేను చెప్పాను మా పద్ధతి అది అని. కొండ చెప్పి ఆగిపోయింది. తర్వాతేంటమ్మా అంటే పలకదు. నది పేరు మర్చిపోయిందేమో, తలకి ఏమైనా అయిందేమో అని నాకు ప్రాణం పోయింది. తీరా అడిగితే, అది చెప్పకూడదమ్మా, తాత కర్ర పాతాడు అంది. నాన్నా, నువ్వు పేరు కూడా పలకొద్దన్నావా?"

"లేదు," అన్నాను. "నేను అలా అనలేదు."

"ఇదిగో నీతో మాట్లాడతానంటోంది. ఎక్కువ మాట్లాడించకు."

గొట్టంలోంచి గాలి చప్పుడు. దాని వెనక హుయా గొంతు, మందంగా, నిద్రలోంచి లేచినట్టు. "తాతా, ఇప్పుడు చెప్పొచ్చా?"

చెప్పు తల్లీ అనాలి. రెండక్షరాల మాట, నాలుక చివరే ఉంది. కింద నది మెరుస్తోంది. ఒళ్ళో డబ్బా ఉంది. నేను చెప్పు అంటే చెబుతుంది, ఆ పన్ను సందులోంచి ఈలతో సహా, వద్దంటే ఇక బతికున్నంత కాలం చెప్పదు. నా మాటకి అంత బరువుందని నాకు ఇవాళ్టి దాకా తెలియదు. అక్క కళ్ళు తెరిచి నా వంకే చూస్తోంది.

"నేను వస్తున్నానమ్మా," అన్నాను. "వచ్చాక ఇద్దరం కలిసి చెబుదాం."

"సరే తాతా," అంది. అది ఎప్పుడూ సరే తాతా అనే అంటుంది.